గోడ మీది గంధపు హారం

మీరేం ఉద్యోగం చేసేవారని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ సూటిగా జవాబు రాదు. బెంగళూరు బాళేపేటలో మా ఇంటి ఎదురుగా స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ఆ కొట్టాయనకి ఒకసారి ఓపిగ్గా చెప్పాను. ఎన్నికలప్పుడు పార్టీలు ఒకదాన్నొకటి తిడుతూ ప్రకటనలు చేస్తాయి, వాటిలో ఏ మాట నిలుస్తుందో ఏది నిలవదో తేల్చి మా పత్రికలో రాస్తాం అని. ఆయన చివరిదాకా విని, "అంతా అబద్ధమే కదమ్మా, దాంట్లో తేల్చేకి ఏముండాది? దానికి జీతం కూడా ఇస్తారా?" అన్నాడు.

జీతం ఇచ్చేవారు. అంతా అబద్ధమన్న మాట మాత్రం తప్పు. అంతా అబద్ధమే అయితే మా పని ఎంత సుఖంగా ఉండేదో. ఎదుటివాణ్ణి తిట్టే ప్రకటనలో మూడు మాటలుంటే రెండు నిజాలే ఉంటాయి. ఆ రెండింటి భుజాల మీద చేతులు వేసుకుని మూడోది కూడా దర్జాగా నడిచొస్తుంది.

ఈ మధ్య ఈ పనిలో చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాయండి మేడం అన్నారు. వాళ్ళ దగ్గర నాకు పేర్లు కూడా పలకడం రాని సాధనాలున్నాయి. ఫోటో ఇస్తే అది ఎక్కడ పుట్టిందో చెప్పేవి, గొంతు వినిపిస్తే మనిషిదో కాదో చెప్పేవి. వాటి గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఆ సాధనాలు చేతులెత్తేశాక లేచి, చెప్పులు వేసుకుని, ఎవరింటికైనా వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మాత్రం నాకు కొంచెం తెలుసు. అదే రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఎందుకు రాలేదో రాయను. అది నాకే విసుగు.

ఎవరు చెప్పారు?

మా సంపాదకుడు రంగనాథ్ సార్‌కి రెండు అలవాట్లు. కాఫీని ఎప్పుడూ బై-టూ చెప్పడం ఒకటి. అంటే ఒక కాఫీ తెప్పించి రెండు గ్లాసుల్లో పోయించడం. రెండో గ్లాసు ఎవరి ముందు పెడితే వాళ్ళు ఆ రోజు పరీక్షకి కూర్చున్నట్టే. ఇక రెండో అలవాటు, ఎవరు ఏం చెప్పినా "ఎవరు చెప్పారు?" అని అడగడం.

బయట వాన పడుతోంది సార్ అన్నా, కిటికీ వైపు చూడకుండా అదే అడిగేవాడు. ఒకసారి ఆయన భార్య ఆఫీసుకి ఫోన్ చేసి, ఇంట్లో గ్యాస్ అయిపోయిందని చెప్పమంది. చెప్పాను. ఆయన అడగాల్సింది అడిగాడు. "మీ ఇంటావిడ సార్" అన్నాను. "అయితే నిజమే" అని లేచి వెళ్ళిపోయాడు. నేను చూసినంతలో ఆయన మారు ప్రశ్న వేయకుండా ఒప్పుకున్న ఆధారం ఆవిడొక్కతే.

మా శాఖకి ఎరుపు, పసుపు, పచ్చ గుర్తులు పెట్టింది కూడా ఆయనే. నిజమైతే పచ్చ, సగమైతే పసుపు, ఆధారం లేకపోతే ఎరుపు. బెంగళూరులో ట్రాఫిక్ లైటుని జనం లెక్కచేస్తారని నమ్మి దాని మీద ఒక శాఖ పెట్టిన మనిషి ఆయనొక్కడే. "అబద్ధం" అనే మాట రాయనిచ్చేవాడు కాదు. అబద్ధం అనాలంటే చెప్పినవాడికి తెలిసే చెప్పాడని రుజువు చేయాలి, మనం మాటల దాకానే వెళ్దాం, మనసుల్లోకి వద్దు అనేవాడు. అటు పార్టీలు ఒకళ్ళనొకళ్ళు దొంగలని, రాబందులని అరుచుకుంటుంటే, మేం ఇటు కూర్చుని "ఆధారం లభించలేదు" అని మగపెళ్ళివారితో మాట్లాడినంత మర్యాదగా రాసేవాళ్ళం. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చేసింది సరైనదే అనిపిస్తుంది, కానీ ఆ మాట ఆయనతో అనలేదు. అంటే "ఎవరు చెప్పారు?" అంటాడు.

ఏడుపు కిరాయిది, కష్టం సొంతది

బొమ్మనహళ్ళిలో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఆవిడ ఉండేది. ఆవిడ ప్రతిపక్షం ప్రకటనలో బిందె పట్టుకుని ఏడ్చింది. కుళాయిలో నీళ్ళు రావడం లేదు, ఈ ప్రభుత్వం మా గొంతులు ఎండబెట్టింది అని. కొన్నాళ్ళకి పాలక పక్షం ప్రకటన వచ్చింది. దాంట్లో కూడా అదే ఆవిడ, అదే బిందె. చీర మాత్రం వేరు. ఈసారి, వెనకటి ప్రభుత్వం మా వీధికి పైపు వేయకుండా పోయింది అని ఏడ్చింది.

ఇది పట్టుకున్నది ప్రియాంక. విజయవాడ నుంచి వచ్చి మా శాఖలో చేరిన అమ్మాయి, చురుకైనది. సర్జాపుర రోడ్డులో అపార్ట్‌మెంట్‌లో ఉండేది గనక రోజూ ఆఫీసుకి వచ్చేసరికి ఊరి ప్రయాణం చేసొచ్చినట్టు వాడిపోయేది. ఆ రోజు మాత్రం వెలిగిపోతూ వచ్చింది. "మేడం, రెండు యాడ్స్‌లోనూ సేమ్ లేడీ. ఫేక్ విక్టిమ్. రెడ్ పెట్టేద్దాం" అంది.

ముందు ఆవిడని కలుద్దాం అన్నాను. వెళ్ళాం. ఆవిడ ఏ మాత్రం తొట్రుపడలేదు.

"ఇద్దరూ పిలిచినారు మేడం, ఇద్దరికీ ఏడ్చినా. మా వీధికి నీళ్ళు వచ్చేది లేదు. ఆ ఏడుపు నాకు రెడీగా ఉండాది. ఎవరి మీద ఏడ్వాలో వాళ్ళు చెప్తారు, అంతే" అంది.

ఆవిడ బాధితురాలిగా నటించిన నటి. అదే సమయంలో నిజంగా బాధితురాలు కూడా. రంగనాథ్ సార్ ట్రాఫిక్ లైటులో దీనికి రంగు లేదు. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి నీటి కొరతకి పచ్చ పెట్టి, ఏడుపు సంగతి కింద చిన్న అక్షరాల్లో రాయమన్నాడు. చెప్పేవాళ్ళు కిరాయివాళ్ళైనంత మాత్రాన చెప్పిన మాట తప్పయిపోదు. పిల్లలూ, మీరు మొట్టమొదట తడబడేది ఇక్కడే. మనిషిని పట్టుకున్న ఆనందంలో మాటని పరీక్షించడం మరిచిపోతారు.

ఇక లేడు

ఇక అసలు సంగతికి వస్తాను. అదే ఎన్నికల్లో ప్రతిపక్షం ఒక ప్రకటనని ఫోన్లలోకి వదిలింది. నలుపు తెలుపు బొమ్మలు, వెనకాల వేణువు. ఎదుటివాణ్ణి తిట్టాలంటే ముందు రంగులు తీసేసి వేణువు పెట్టాలని వీళ్ళకి ఎవరు నేర్పారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆగిపోయిన మరమగ్గాలు కనిపిస్తాయి. ఒక గంభీరమైన గొంతు చెప్తుంది: "కరెంటు లేదు. నూలు ధర అందదు. దొడ్డబళ్ళాపురం నేతన్న నారాయణప్ప ఇక లేడు. ఆ ఇల్లాలికి జవాబు ఎవరు చెప్తారు?" అప్పుడు గోడ మీద ఒక మగమనిషి ఫోటో, దానికి గంధపు చెక్కపొరల హారం. ఆ పక్కన మగ్గం దగ్గర నవ్వు లేని ముఖంతో ఒక ఆడమనిషి.

కరెంటు కోతలు నిజమే. నూలు ధర పెరిగిందన్నదీ నిజమే. రెండూ కనుక్కున్నాం. మిగిలింది మనిషి. దొడ్డబళ్ళాపురంలో ఉన్న మా స్థానిక విలేఖరికి ఫోన్ చేస్తే, "అవును మేడం, పాపం పోయినాడు" అని గట్టిగానే చెప్పాడు. ఆ ముక్క రంగనాథ్ సార్ దాకా తీసుకెళ్ళాను. ఆయన నా ముందుకి కాఫీ గ్లాసు జరిపి అడగాల్సింది అడిగాడు. విలేఖరికి ఎవరు చెప్పారంటే, టీ కొట్టాయన. టీ కొట్టాయనకి ఎవరు చెప్పారంటే, ఫోన్‌లో వీడియో వచ్చింది. మేం ఏ ప్రకటనని పరీక్షిస్తున్నామో అదే ఊరంతా తిరిగొచ్చి మాకే సాక్ష్యం చెప్పిందన్నమాట. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మీరు సగం పని నేర్చుకున్నట్టే. ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెప్తే మురిసిపోకండి, వాళ్ళకి ఎక్కడ నుంచి వచ్చిందో అడగండి.

ప్రియాంక ఆ ఫోటోని తన సాధనాలన్నిటికీ తినిపించింది. "ఎక్కడా మ్యాచ్ అవ్వట్లేదు మేడం. నెట్‌లో ఈయన లేనే లేడు" అంది. నెట్‌లో లేనివాళ్ళు బతికి ఉండొచ్చమ్మా, నేను అట్లాగే ఉన్నాను కదా అన్నాను.

ఆ బొమ్మని ఆపి చూస్తూ కూర్చున్నాను. ఫోటోలో ఆయన తల మీద మైసూరు తలపాగా, భుజాన శాలువా ఉన్నాయి. మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ ఫోటోకి అద్దం మీద కుంకుమ బొట్టు పెడతాం, ముందు దీపం పెడతాం. ఇక్కడ బొట్టు లేదు, దీపం లేదు. ఫోటో కింద ఫోన్ చార్జర్ వేలాడుతోంది. ఇది అనుమానమే గానీ ఆధారం కాదు. ఫోన్ చేసి కనుక్కుందామంటే, చావు సంగతి ఇంటివాళ్ళని ఫోన్‌లో అడగకూడదని రంగనాథ్ సార్ ఆజ్ఞ. అది ఆయన ఆజ్ఞలన్నిటిలోకీ మంచిది. కారు తెప్పించుకుని నేనూ ప్రియాంకా బయల్దేరాం.

కాఫీ ఇచ్చిన మనిషి

దారి పొడుగునా ఒకటే ఆలోచన. తలుపు కొట్టి ఏమని అడగాలి? మీ ఇంటాయన ఉన్నారా అంటే, పోయి ఉంటే గాయం రేపినట్టు. పోయారా అంటే, ఉంటే చీపురు తిరగేస్తారు. చివరికి, "నారాయణప్పగారి ఇల్లు ఇదేనా?" అని మాత్రం అడగాలని ఇద్దరం నిశ్చయించుకున్నాం.

తలుపు తీసినాయనని అట్లాగే అడిగాను.

"నేనే. రాండి మేడం. ఏ పార్టీ?" అన్నాడు.

పత్రికవాళ్ళం అని చెప్పాక ఇంకా సంతోషించాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, తానే లోపలికి వెళ్ళి కాఫీ పట్టుకొచ్చాడు. తన చావు వీడియోని ఆయన ఎన్నిసార్లు చూశాడో గానీ, ఏ బొమ్మ తర్వాత ఏది వస్తుందో వరసగా చెప్పాడు. "ఫోటో బాగా తీసినారు మేడం. తలపాగా బాగా కనిపించింది. రంగు ఉండింటే ఇంకా బాగుండు" అన్నాడు.

ఆ ఫోటో గోడ మీద అక్కడే ఉంది, హారంతో సహా. సంగతి ఇది. ఒకసారి కర్ణాటక అవతరణ దినమైన రాజ్యోత్సవం నాడు అక్కడి నేతపనివాళ్ళ సంఘం ఆయనకి సన్మానం చేసింది. తలపాగా పెట్టి, శాలువా కప్పి, గంధపు హారం వేశారు. ఆ ఫోటోకి ఫ్రేము కట్టించారు. మరి హారం ఎక్కడ పెట్టాలి?

"బీరువాలో పెడితే మడత పడి ఇరిగిపోతాది. దండేనికి ఎయ్యలేము. ఫోటోకి వేస్తే దానికీ అందం, దీనికీ చోటు" అన్నాడు నారాయణప్ప.

నాకు నవ్వు ఆగలేదు. మా పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య, హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు, ఆయనా ఇంతే. వీడ్కోలు సన్మానంలో వేసిన హారాన్ని తన ఫోటోకే వేయించుకుని, దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని పేపరు చదువుతాడు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలో ఫోటోని, ఆయన్ని మార్చి మార్చి చూసి తడబడతారు. సన్మానాలు ఎక్కువగా జరిగే మా ఊళ్ళో ఇట్లాంటి గోడలు ఎన్నో ఉన్నాయి. ప్రకటన తీసినవాళ్ళు ఎక్కడివాళ్ళో ఏమో, హారం చూశారు, మనిషి లేడనుకున్నారు.

అయినా ఒక్క మాట అడగొచ్చు కదా అన్నాను. దానికి జవాబు లోపలి గది గుమ్మంలోంచి వచ్చింది. ఆయన భార్య సరోజమ్మ అప్పటిదాకా అక్కడే నిలబడి ఉంది.

"ఎట్ల అడగతారు మేడం? మర్యాదస్తులు. కెమెరా పట్టుకున్న పిల్లోడు ఈయన ఫోటోకి దండం పెట్టినాడు. ఏమో, పెద్దవాళ్ళంటే గౌరవం అనుకుంటిని. పాప ఒకతి నా చెయ్యి పట్టుకుని, ధైర్యంగా ఉండమ్మా అనింది. కరెంటు సంగతి కాబోలని, ఉంటాలే అంటిని."

ప్రియాంక నవ్వబోయి సరోజమ్మ ముఖం చూసి ఆగిపోయింది. ఆవిడ నవ్వడం లేదు.

ఆ వీధిలో ఎవరు కొత్త మగ్గం దించుకున్నా, పడుగు దారాలకి పసుపు పూసి తొలి పోగు ముడి వేసేది సరోజమ్మ. ఆవిడ చెయ్యి మంచిదని పేరు. ఆవిడ ముడి వేసిన మగ్గం ఆగకుండా ఆడుతుందని నమ్మకం. ఎదురింటి రత్నమ్మ అప్పుడే ఒక మగ్గం తెచ్చుకుంది. వచ్చే శుక్రవారం పూజ. సరోజమ్మని ఎప్పుడో పిలిచింది. వీడియో వచ్చాక ఆ పిలుపు వెనక్కి పోయింది.

"ఈయన రోజూ వాళ్ళ వాకిట్లోనే తిరగతా ఉండాడు. బతికుండాడని తెలియనోళ్ళు వీధిలో ఎవరూ లేరు. అయినా రత్నమ్మ వచ్చి, వదినా, ఈసారి మా చెల్లెలి చేత ముడి ఎయ్యిస్తాం, బేజారు చేసుకోవద్దు, శుభమా అని మొదలుపెట్టేటప్పుడు సుమ్మనే ఊరికే ఎందుకు అనింది. ఎందుకు అంటే ఏమి మేడం? నా చెయ్యి కెట్టుపోయిందా? మొగుడు ముందర కూర్చోనుండంగానే నన్ను అట్లాటిదాన్ని చేసి పెట్టినారు."

మేం పత్రికలో రాస్తాం, మీవారు బతికే ఉన్నారని స్పష్టంగా రాస్తాం అంది ప్రియాంక.

"ఒద్దు తల్లీ. బతికుండాడని రాయాలంటే ముందర సచ్చిపోయినాడనే మాట రాయాల కదా. చూడనోళ్ళు కూడా చూస్తారు. ఆయన పేరు పక్కన ఆ మాట మళ్ళీ రానియ్యొద్దండి" అంది సరోజమ్మ.

"ఏ, రాయనీలే. ఫోటో ఎయ్యండి మేడం, తలపాగాది" అన్నాడు నారాయణప్ప. భార్య చూసిన చూపుకి కాఫీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

బయల్దేరుతుంటే సరోజమ్మ కుంకుమ భరిణె తెచ్చింది. ప్రియాంకకి బొట్టు పెట్టి నా వైపు తిరిగింది. "నాకొద్దమ్మా. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది" అన్నాను. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగింది. తాను అప్పటిదాకా "అట్లాటిది" అన్నది ఎవరినో అప్పుడు ఇద్దరికీ తెలిసింది.

కారులో ప్రియాంక, "మేడం, మీకు బాధ అనిపించలేదా?" అంది. అనిపించింది. ఆవిడ మీద కోపం రాలేదు, ఆవిడ బాధ నిజమైనదే. కానీ ఆవిడ ఒక వారంగా మోయలేకపోతున్నదాన్ని నేను ఇన్నేళ్ళు బరువని కూడా అనుకోకుండా మోశాను. అందుకు నా మీద నాకే చాలా కోపం వచ్చింది. ఆ కోపం రాజానుకుంటె ఊరు దాటేదాకా ఉంది, ఆ తర్వాత యలహంక ట్రాఫిక్ మీదికి మళ్ళింది.

రాయడం ఎట్లా

రంగనాథ్ సార్‌కి ఫోటో కావాలి. మనిషి బతికున్నాడనడానికి మనిషి ఫోటోని మించిన ఆధారం ఏముంది అన్నాడు. ఆయన చెప్పింది వృత్తి ధర్మమే. సరోజమ్మ అడిగిందీ న్యాయమే. ఈ రెండింటి మధ్య నలగడానికే మనకి జీతం ఇస్తారు.

"సార్, ఆ ప్రకటన కొంతమందే చూశారు. మనం ఎర్ర గుర్తు పెట్టి, ఆయన ఫోటో వేసి, చనిపోలేదు అని పెద్ద అక్షరాల్లో రాస్తే రాష్ట్రమంతా చూస్తుంది. చావు మాట మనమే ఇంటింటికీ పంచిపెట్టినట్టు అవుతుంది" అన్నాను.

"ఆధారం లేకుండా ఎట్లా రాస్తావు?"

"ఆధారం ఉంటుంది, ఆయన ముఖం ఉండదు."

ఆయన కాఫీ చల్లారింది, అయినా తాగాడు. చల్లారిన కాఫీ తాగాడంటే ఒప్పుకున్నట్టు.

మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసి, నీ ఫోటో మా పత్రికలో వేస్తామన్నాను. ఎందుకో అడగకుండానే ఒప్పుకున్నాడు. ఎందుకో చెప్పాక ఇంకా గట్టిగా ఒప్పుకున్నాడు. వ్యాసానికి "సన్మానం హారం ఎక్కడ పెట్టాలి?" అని పేరు పెట్టాం. పైన మా అన్నయ్య బొమ్మ. హారం వేసిన తన ఫోటో కింద, పేపరు పట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని కూర్చున్నాడు. మన ఇళ్ళల్లో గంధపు హారాలకి ఫోటో ఫ్రేములే బీరువాలు ఎట్లా అయ్యాయో సరదాగా రాశాం. ప్రకటనలో చెప్పిన కరెంటు కోతలు, నూలు ధర నిజమేనని పచ్చ గుర్తు పెట్టాం. చివర ఒక్క వాక్యం: "ఆ ప్రకటనలో పేరు చెప్పిన నేతగాడి ఇంటికి మా ప్రతినిధులు వెళ్ళారు, ఆయన స్వయంగా వారికి కాఫీ ఇచ్చారు." చావు మాట ఎక్కడా లేదు. ఆ వాక్యానికి ఏ రంగు గుర్తూ లేదు.

ఇరవై మంది చూసిన తప్పుని దిద్దడానికి లక్షమందికి ఆ తప్పు నేర్పకండి. ఇది మీకు ఏ సాధనమూ చెప్పదు, కాబట్టి నేను చెప్తున్నాను.

ప్రతిపక్షం ఆ ప్రకటనని చడీచప్పుడు లేకుండా తీసేసింది. అడిగితే సాంకేతిక కారణాలన్నారు. బతికున్న మనిషిని అంతకు మించిన మర్యాదతో సాంకేతిక కారణమని ఎవరూ అనలేరు. పాలక పక్షంవాళ్ళు ఇంకా ముచ్చటైనవాళ్ళు. నారాయణప్పని సభకి తీసుకెళ్ళి వేదిక మీద చూపిస్తామని కారు పంపారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలపాగా పెట్టుకుని, కారు దాకా వెళ్ళాడట. "వేదిక మీద నేను బతికుండేదీ చెప్తా, కరెంటు పోయేదీ చెప్తా. రెండూ చెప్పొచ్చు కదప్పా?" అని అడిగాడట. కారు ఆయన్ని ఎక్కించుకోకుండానే తిరిగిపోయింది.

శుక్రవారం

మా అన్నయ్య బొమ్మ చూసి ఆ వీధంతా పడీ పడీ నవ్విందని ఫోన్‌లో నారాయణప్ప చెప్పాడు. తర్వాత ఫోన్ సరోజమ్మ చేతికి వెళ్ళింది. రత్నమ్మ వచ్చి మళ్ళీ పిలిచిందని, శుక్రవారం నేనూ ప్రియాంకా తప్పకుండా రావాలని చెప్పింది. రంగనాథ్ సార్‌కి చెప్తే, ఆయన మొదటిసారి ఏమీ అడగకుండా వెళ్ళిరమ్మన్నాడు.

రత్నమ్మ ఇంటి ముందు గది నిండా కొత్త మరమగ్గం. మనుషులు గోడలకి అంటుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ మగ్గం కోసం భార్యాభర్తలు ఎన్నాళ్ళు ఎదురుచూశారో వాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తోంది. రత్నమ్మ భయాన్ని నేను వెక్కిరించను. బతుకంతా ఒక యంత్రం మీద పెట్టినవాళ్ళకి ఏ చిన్న శకునమైనా పెద్దగానే కనిపిస్తుంది. నేను గుమ్మం బయట ఆగిపోయాను. శుభకార్యాల్లో నా కాళ్ళు తమంతట తామే ఆ చోటు వెతుక్కుంటాయి.

సరోజమ్మ పడుగుకి పసుపు పూసింది. తొలి పోగు వేళ్ళ మధ్య పట్టుకుంది. ముడి వేయకుండా తల ఎత్తి అందరి మీదుగా చూసింది.

"అక్కా, లోపలికి రాండి. ఈ ముడి మీరు ఎయ్యండి."

"వద్దమ్మా, నీ చెయ్యి మంచిదని పిలుచుకున్నారు. నువ్వే వెయ్యి" అన్నాను.

సరోజమ్మ రత్నమ్మ వైపు తిరిగింది. కోపంగా ఏమీ లేదు, లెక్క అడుగుతున్నట్టు ఉంది.

"రత్నా, ఫోన్‌లో ఆయన్ని సంపినప్పుడు నా చెయ్యి ఒద్దంటివి. ఇప్పుడు కావాలంటివి. ఒద్దన్నప్పుడూ ఇదే చెయ్యి, కావాలన్నప్పుడూ ఇదే చెయ్యి. నేనూ చూసుకుంటిని, ఏమీ మారలే. ఇంక ఈ అక్క చేతికి మాత్రం ఏమయింది చెప్పు?"

నారాయణప్ప అప్పుడే మగ్గం బెల్టులో ఏదో గొప్ప విశేషం కనిపించినట్టు దాని మీదికి వంగిపోయాడు. ప్రియాంక నా చెయ్యి పట్టుకుంది. నాకు వెనక్కి తిరిగి కారు దగ్గరికి వెళ్ళిపోవాలని ఉంది. ఒక కొత్త మగ్గానికి నా వల్ల ఏదైనా అయితే అన్న భయం రత్నమ్మకే కాదు, నాకూ ఉందని అప్పుడు తెలిసింది. ఊళ్ళోవాళ్ళు చెప్పే ప్రతి మాటకీ ఆధారం అడుగుతూ బతికినదాన్ని, ఈ ఒక్క మాటకి ఆధారం ఏదని నన్ను నేను ఎప్పుడూ అడగలేదు.

రత్నమ్మ మగ్గాన్ని చూసింది, నన్ను చూసింది. తల పైకెత్తి వెలుగుతున్న బల్బుని చూసింది.

"బిరీన రాండక్కా" అంది. "కరెంటు తీసేస్తారు."

లోపలికి వెళ్ళాను. నాకు ముడి వేయడం రాదు, పోగు జారిపోయింది. సరోజమ్మ నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి బిగించింది. రత్నమ్మ మగ్గం స్విచ్చి వేసింది.